దిగిన మెట్టు మీదికి కాదు

పట్టుచీరకు రఫ్ఫు చేయించి తెచ్చుకున్నాక, చిరుగు ఎక్కడుండేదో మనమే వెతుక్కోవాల్సి వస్తే ఆ పనివాడు గట్టివాడన్నమాట. అమెరికాలో 1994లో వచ్చిన ఒక చట్టం చదువుతుంటే నాకు ఆ పనితనమే గుర్తొచ్చింది. పూర్తి పేరు చాంతాడంత. అక్కడివాళ్లు ‘యూసెర్రా’ అంటారు. నేషనల్ గార్డులోనో రిజర్వు దళంలోనో ఉన్న ఉద్యోగి సైనిక సేవకు పిలుపందుకుని వెళ్లి తిరిగొస్తే, యజమాని అతన్ని ఎలా చేర్చుకోవాలో చెప్పే చట్టమిది.

వీళ్లలో చాలామందికి నెలకో శనాదివారాలు, ఏడాదికి రెండు వారాలు శిక్షణ ఉంటుంది. శిబిరం ముగిసి ఆదివారం రాత్రి 10 గంటలకు ఇల్లు చేరాడనుకోండి. తెల్లవారుజామున 4 గంటల షిఫ్టుకు రమ్మనడానికి వీల్లేదు. క్షేమంగా ఇల్లు చేరే వ్యవధి, ఆపైన 8 గంటలు గడిచాకే డ్యూటీ. అంటే ఉదయం 6 లోపు ఎవరూ పిలవకూడదు. మనిషి నిద్రను కూడా లెక్కలో వేసుకున్న చట్టం నేను ఇంకోటి చూడలేదు. 180 రోజులు దాటి సేవ చేసినవాడికైతే, తిరిగి పనిలో చేరతానని అడగడానికే 90 రోజుల గడువుంది.

అసలు నైపుణ్యం ‘ఎస్కలేటర్ సూత్రం’లో ఉంది. ఆ పోలిక 1946లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ తీర్పులోది. ఎస్కలేటర్ దిగి వెళ్లినవాడు తిరిగొచ్చాక దిగిన మెట్టు దగ్గరే ఎక్కడు. దిగకుండా ఉంటే ఈపాటికి ఏ మెట్టు మీద ఉండేవాడో అక్కడ ఎక్కుతాడు. చిత్రమేమిటంటే ఆ కేసులో మాజీ సైనికుడు ఓడిపోయాడు. ఓడల మరమ్మతు యార్డులో వెల్డరు ఆయన. పని తగ్గినప్పుడు తనను కూర్చోబెట్టి సీనియర్లకు పనిచ్చారని ఫిర్యాదు. నీ సీనియారిటీ ఎక్కడికీ పోలేదు, అలాగని ఎవరి తలమీదుగానో పైకి ఎక్కించనూలేం అంది కోర్టు.

ఆ నిక్కచ్చితనమే యూసెర్రాలోనూ కనిపిస్తుంది. అతను లేనప్పుడు ప్రమోషన్ పరీక్ష జరిగితే, వచ్చాక రాసే అవకాశమివ్వాలి. పనిలో కొత్త పద్ధతులొస్తే నేర్పించాలి. పెన్షన్ లెక్కలో విరామం పడకూడదు. అతని విభాగమే మూతపడి అందరి ఉద్యోగాలూ పోయాయా, అతనిదీ పోయినట్టే. ఎస్కలేటర్ కిందికీ నడుస్తుంది కదా!

మన టెరిటోరియల్ ఆర్మీ చట్టంలోనూ ఈ ఆలోచన ఉంది: సేవకు వెళ్లకపోయి ఉంటే ఉండే షరతుల కన్నా తక్కువ కాకుండా కొలువు తిరిగి ఇవ్వాలి.

ఒక్కచోట మాత్రం యూసెర్రా కుట్టు పడలేదు. సేవలో ఉన్నన్నాళ్లు జీతమివ్వమని అది ప్రైవేటు యజమానిని అడగదు. పెద్ద కంపెనీలు కొన్ని, సైన్యమిచ్చే జీతానికీ తామిచ్చేదానికీ ఉన్న తేడాను సొంతంగా భర్తీ చేస్తాయి. ఒక్క పనివాడున్న కొట్టుకూ చట్టం వర్తిస్తుంది కనుక, ఆ కొట్టు యజమాని అతను వచ్చేదాకా షట్టర్ తనే ఎత్తుకుని, ఉద్యోగం అట్టే పెట్టాలి.