గోడకు ఎంత దూరం?

ఇంట్లో పాటలు మిక్స్ చేయడం మొదలుపెట్టిన కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఏ స్పీకర్లు కొనాలని. టేబుల్ ఏ గోడకు వేశావని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. 1978లో యమహా ఇళ్లలో వినడానికి తెచ్చిన ఎన్ఎస్-10 స్పీకర్‌లో బేస్ తక్కువే. అయినా ఎన్నో పేరున్న స్టూడియోల్లో దాన్ని నమ్ముకుని మిక్స్ చేశారు. నా లెక్కలో స్పీకర్ ధర తర్వాతి సంగతి, గది ముందు.

స్పీకర్ నుంచి సన్నని శబ్దాలు ఎక్కువగా ముందుకే వస్తాయి. బేస్ మాత్రం అన్ని దిక్కులకూ పోతుంది. వెనక్కి పోయిన బేస్ గోడకు తగిలి తిరిగొచ్చి, నేరుగా మన చెవికి వచ్చేదాంతో కలుస్తుంది. గోడకూ స్పీకర్ ముఖానికీ మధ్య దూరం తరంగం పొడవులో నాలుగో వంతైతే, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. శబ్దం వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కాబట్టి, ఆ దూరం 85 సెంటీమీటర్లయితే 100 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. బేస్ గిటార్ బలం చాలావరకు ఆ చుట్టుపక్కలే. పోనీ ఈక్వలైజర్‌లో 100 పెంచుదామా? నేరుగా వచ్చే శబ్దంతో పాటు గోడ నుంచి వచ్చేదీ పెరుగుతుంది, గుంట అలాగే ఉంటుంది. వినపడటం లేదు కదా అని పాటలోనే బేస్ పెంచేస్తే, అదే పాట కారులో వేసినప్పుడు తలుపులు అదురుతాయి. ఎంతో కష్టపడి చేసిన పాట ఇలా పాడవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అందుకే చిన్న గదిలో స్పీకర్లను గోడకు దగ్గరగా జరపమంటాను. ముఖం నుంచి గోడకు 30 సెంటీమీటర్లే ఉంటే గుంట 285 హెర్ట్జ్ దాకా పైకి పోతుంది. స్పీకర్ వెనక గోడకు మందపాటి రాక్‌వూల్ ప్యానెల్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది. గోడ దగ్గరైనందుకు బేస్ మొత్తంగా కాస్త పెరుగుతుంది. దాన్ని తగ్గించే స్విచ్ చాలా స్టూడియో స్పీకర్ల వెనకే ఉంటుంది. కోడిగుడ్ల అట్టలు మాత్రం అంటించకండి, బేస్ వాటిని లెక్కచేయదు.

కుర్చీ సంగతి కూడా ఉంది. 10 అడుగుల పొడవున్న గది 56 హెర్ట్జ్ దగ్గర తనంతట తానే మోగుతుంది. బేస్ గిటార్ ఎ తీగ 55 హెర్ట్జ్. సరిగ్గా గది నడుమ కూర్చుంటే ఆ స్వరం మాయం, వెనక గోడకు ఆనుకుంటే ఉప్పెన. ముందు గోడ నుంచి పొడవులో 38 శాతం దగ్గర మొదలుపెట్టి, కుర్చీని కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ జరుపుతూ వినాలి.

మిగతావి సులువే. రెండు స్పీకర్లూ మీ తలా సమభుజ త్రిభుజంలో ఉండాలి, సన్నని శబ్దాలు పలికే ట్వీటర్లు చెవి ఎత్తుకు రావాలి. పక్క గోడ మీద అద్దం జరుపుతూ, కుర్చీలోంచి చూస్తే స్పీకర్ ఎక్కడ కనబడుతుందో అక్కడ ప్యానెల్ పెట్టాలి.

ఆ తర్వాత ఒక గొంతును రెండు స్పీకర్లలోనూ సమానంగా వినిపించండి. అది నట్టనడుమ నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే బ్యాలెన్స్ నాబ్‌ను తిప్పొద్దు, ఆ పక్కన శబ్దాన్ని తిప్పికొట్టే బీరువా లాంటిదేదైనా ఉంటే జరపండి.