కత్తి పట్టని వాళ్లకూ ప్లాను కావాల

"మామా, సూడు, తొడ ఎముకలో రాడ్డు ఏసేసినా" అంటూ ఈ వారం మా అక్క కొడుకు ఫోన్ నా ముందు పెట్టినాడు. కర్నూలు మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్, సెలవుకు ఆలూరు వచ్చినాడు. తెర మీద బొమ్మ కాలు. ఎక్కడ కోయాలో వేలితో గీయాలి. తర్వాత ఏ పరికరం, ఎటు నుంచి అని అడుగుతూ పోయి చివర ఆ యాప్ మార్కులు వేస్తుంది.

నాకు చిరాకేసింది. చేతిపని చేతికే నేర్పాలన్న నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. గుమ్మడికాయ, దోసకాయల మీద కోత, తామర తూడు మీద సిర పొడవడం, గుడ్డ మీద, తోలు మీద కుట్లు సాధన చేయించమన్నాడు సుశ్రుతుడు. అద్దం మీద వేలు జరిపితే కండరం ఎంత గట్టిగా లాగుతుందో ఎట్ల తెలుస్తుంది?

"ఇది కోత నేర్పేది కాదు మామా, కోతకు ముందు ఆలోచన నేర్పేది" అన్నాడు. ఆ 'టచ్ సర్జరీ' యాప్‌ను 2013లో లండన్‌లో జాన్ నెహ్మె, ఆండ్రే చౌ అనే సర్జన్లు తెచ్చినారు. 2020లో మెడ్‌ట్రానిక్ కంపెనీ కొనింది. ఎముకల సర్జన్ల సంస్థ ఏఓ ఫౌండేషన్ వాళ్ల యాప్ ఇంకో రకం: ఏ ఎముక, ఎట్ల విరిగింది అని ఎంచుకుంటే వైద్యానికున్న దారులన్నీ ముందు పెడుతుంది. ఒకప్పుడు ఎముకల డాక్టర్లు ఎక్స్‌రే మీద పల్చటి కాగితం పరిచి, విరిగిన ముక్కలు గీసి, కత్తిరించి, అతికించి చూసుకునేవాళ్లు. అట్లాంటి ముందు ఆలోచనే ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది.

కోతకు ముందు ఆలోచన అన్న వాడి మాట వింటుంటే నా బుద్ధి మా దగ్గరి దేవరగట్టుకు పోయింది. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరుని బన్ని కర్రల సమరం సంగతి మన వాళ్లకు చెప్పనక్కర్లేదు. కర్రలు లేస్తాయి, తలలు పగులుతాయి. గాయం మీద బండారు, అంటే పసుపు, అద్దుకొని మళ్లీ గుంపులోకి పోయేవాళ్లుంటారు. అక్కడ వైద్య శిబిరం పెడతారు, దెబ్బ గట్టిదైతే ఆలూరుకో ఆదోనికో పంపుతారు.

తల చర్మం చిట్లితే రక్తం ధారగా కారుతుంది. అందరూ అటే పరుగెత్తుతారు. కానీ ప్రాణం మీదికి వచ్చేది, ఒక్కోసారి, నెత్తురు చుక్క కనపడని మనిషికి. దెబ్బ తగిలి కాసేపు స్పృహ తప్పుతాడు, లేస్తాడు, నీళ్లు తాగుతాడు, మాట్లాడతాడు. పుర్రె లోపల మాత్రం రక్తం గడ్డ పెరుగుతూనే ఉంటుంది. తర్వాత వాంతి, మగత, ఒక కంటిపాప పెద్దదవడం. ఆ వేళకు తోడొచ్చినోళ్లు "నిద్రపోతున్నాడులే" అనుకుంటారు.

కళ్లు తెరవడం, మాట, కదలిక చూసే పద్ధతి గ్లాస్గోలో 1974లోనే వచ్చింది; ఇప్పుడు దానికి 3 నుంచి 15 దాకా అంకె వేస్తారు. కత్తి అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. మొదట్లో అరగంటకోసారి చూసి కాగితం మీద రాస్తే చాలు, అంకె తగ్గుతుంటే కదలాలి. ఎక్కడికి? బళ్లారి దగ్గర, కానీ రాష్ట్రం దాటాల. కర్నూలు పెద్దాసుపత్రి మనదే, కానీ దూరం. అక్కడ స్కానూ, తల ఆపరేషన్ చేసే డాక్టరూ, రక్తమూ ఆ రాత్రి ఉన్నాయా? బండి కదలక ముందే ఎవరు ఫోన్ చేస్తారు? నా లెక్కలో ఆపరేషన్ ప్లాను ఇక్కడే మొదలవుతుంది.

అందుకే, ఫోన్ మీద నా కోపం ఇంకో వైపు తిరిగింది. వాడు చూపించిన యాప్‌లో రోగి అప్పటికే బల్ల మీదున్నాడు. ఆలూరులో రోగి ఇంకా రోడ్డు మీదే ఉంటాడు. ఇట్లాంటి అభ్యాసం సర్జన్ కంటే ముందు అందాల్సింది మన నర్సమ్మకు, 108లో వచ్చే మనిషికి, రాత్రి డ్యూటీ డాక్టరుకు. తెలుగులో ఉండాలి, సిగ్నల్ లేని హొళగుంద పల్లెల్లోనూ తెరుచుకోవాలి. పేరు తీసేసిన మన కేసులే అందులో ప్రశ్నలు కావాలి.

రాసేదానికి కర్నూలు కాలేజీ పిల్లలున్నారు, దిద్దేదానికి వాళ్ల ప్రొఫెసర్లున్నారు. వచ్చే దసరాకు ముందే మొదలుపెట్టమని మావాడికి చెప్పినాను. మొదటి కేసు తలదెబ్బదే రాస్తానన్నాడు.