కొండ దింపే లెక్క

గూడ్స్ బండిని కొండ ఎక్కించడం కష్టమా, దించడం కష్టమా? వినగానే ఎక్కించడమే కష్టమనిపిస్తుంది. ఇంజిన్ల హోరు, చక్రాలు జారడం, వేగం పడిపోవడం అన్నీ ఎక్కేటప్పుడే కళ్లకు కడతాయి. కానీ రైల్వే సిమ్యులేటర్ ముందు సాయంత్రాలు గడిపే నాలాంటి వాళ్లు తడుముకోకుండా దించడమే కష్టమంటారు. ఎక్కేటప్పుడు బలం చాలకపోతే బండి ఆగుతుంది. దిగేటప్పుడు బ్రేకు చాలకపోతే ఆగదు. ఘాట్ సెక్షన్‌లో బండి నడిపే విద్య అంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

నేను ఎక్కువగా నడిపేది దక్షిణ కాలిఫోర్నియాలోని కహోన్ పాస్ మీద. 2022లో వచ్చిన ట్రెయిన్ సిమ్ వరల్డ్ 3లో శాన్ బెర్నార్డినో నుంచి బార్‌స్టో దాకా ఈ మార్గం ఉంది. అక్కడ రైలు నడవడం మొదలైంది 1885లో. ఆ పాత దారి వాలు 3 శాతం, అంటే వెయ్యి మీటర్ల దూరానికి 30 మీటర్ల ఎత్తు. 1913లో వేసిన రెండో లైనును మరికాస్త చుట్టు తిప్పి, వాలును 2.2 శాతానికి తగ్గించారు. కనుమ శిఖరం 3,777 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి శాన్ బెర్నార్డినోకు సుమారు 40 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే బండి 800 మీటర్లకు పైగా దిగాలి.

ముందు ఎక్కుడు సంగతి చూద్దాం. పదివేల టన్నుల బండిని చదును నేల మీద నెమ్మదిగా లాగడానికి సుమారు 20 టన్నుల బలం చాలు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం అంత సులువుగా దొర్లుతుంది. అదే బండి 2.2 శాతం వాలు ఎక్కితే ఒక్క వాలే 220 టన్నుల బలంతో వెనక్కి గుంజుతుంది. ఇప్పటి పెద్ద డీజిల్ ఇంజిన్ నిలకడగా లాగగలిగేది 70 టన్నులకు అటూఇటుగా. కాబట్టి కనీసం నాలుగు ఇంజిన్లు కావాలి. నాలుగూ ముందే కట్టి లాగితే మొదటి వ్యాగన్ల కప్లింగుల మీద భారమంతా పడి తెగే ప్రమాదం ఉంది. అందుకే కొన్నిటిని ముందు, కొన్నిటిని మధ్యలోనో వెనకనో పెడతారు. మన భోర్ ఘాట్‌లో వెనక నుంచి నెట్టే బ్యాంకర్ ఇంజిన్ల అవసరం కూడా ఇలాంటిదే. అక్కడి వాలు 37కి 1.

ఎక్కేటప్పుడు నేర్చుకోవాల్సింది ఓపిక. నాచ్, అంటే పవరు పిడి మెట్టు, ఒక్కసారిగా పెంచితే చక్రం జారుతుంది. జారే చక్రానికి లాగే శక్తి తగ్గుతుంది. పట్టా మీద ఇసుక వదిలి, ఒక నాచ్ తగ్గించి, పట్టు దొరికాక మళ్లీ పెంచాలి. బండి గంటకు 20 కిలోమీటర్ల దగ్గర నిలకడగా పోతుంటే అది చేతగానితనం కాదు, ఆ వాలుకూ ఆ బరువుకూ కుదిరిన వేగం అదే.

అసలు పరీక్ష శిఖరం దగ్గర. ముందు ఇంజిన్లు అవతలి వాలులోకి దిగుతుంటాయి. దాదాపు రెండు కిలోమీటర్ల పొడవున్న బండిలో సగం ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. ఆ క్షణంలో బండి ఒక పక్క సాగుతూ, ఇంకో పక్క కుదించుకుంటూ ఉంటుంది. కప్లింగుల మధ్య సందులన్నీ ఒక్కసారిగా లాగుకున్నా, ఒక్కసారిగా మూసుకున్నా దెబ్బే. పవరు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, కాస్త ఆగాలి, ఆ తర్వాతే ఇంజిన్ మోటార్లతో పనిచేసే డైనమిక్ బ్రేకు వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, శిఖరం దాటే ముందే దిగాల్సిన వేగానికి రావాలి. దిగుతూ ఉండగా వేగం తగ్గించుకుందాంలే అనుకునే వెసులుబాటు ఘాట్‌లో లేదు.

ఎందుకు లేదో బ్రేకు పనితీరులోనే ఉంది. పదివేల టన్నులు 800 మీటర్లు దిగితే వెలువడే శక్తి దాదాపు 22 వేల యూనిట్ల కరెంటుకు సమానం. దొర్లడంలో ఖర్చయ్యే కొద్ది భాగం పోగా మిగిలినదంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. డైనమిక్ బ్రేకు వేస్తే ఇంజిన్ మోటార్లు జనరేటర్లుగా మారి, ఆ కరెంటును ఇంజిన్ పైభాగంలోని రెసిస్టర్లలో వేడిగా మార్చి గాలిలోకి వదులుతాయి. అది చాలనంత మేరకు వ్యాగన్ల గాలి బ్రేకులు పనిచేయాలి.

వెస్టింగ్‌హౌస్ 1870లలో రూపొందించిన ఈ ఆటోమేటిక్ గాలి బ్రేకుది ఎంతో తెలివైన పద్ధతి. బండి పొడవునా ఒక పైపు, ప్రతి వ్యాగన్‌కూ ఒక చిన్న గాలి ట్యాంకు. పైపులో ఒత్తిడి తగ్గితే ఆ ట్యాంకులోని గాలి బ్రేకును నొక్కుతుంది. పైపు తెగినా బ్రేకు దానంతటదే పడుతుంది. కానీ బ్రేకు వదిలినప్పుడు ఆ ట్యాంకులు మళ్లీ నిండాలి, పొడవాటి బండిలో అందుకు నిమిషాలు పడుతుంది. వేసవిలో మేడ మీది ట్యాంకు లాంటిదే ఇది. కింద కుళాయిలు తిప్పినంత వేగంగా పైకి నీళ్లు ఎక్కవు. వేగం పెరిగిందని బ్రేకు వేసి, తగ్గిందని వదిలి, వెంటనే మళ్లీ వేస్తే ప్రతిసారీ చేతిలో ఉండే గాలి తగ్గిపోతుంది. మూడోసారికో నాలుగోసారికో పిడి కదులుతుంది గానీ బండి వినదు. అమెరికా గూడ్స్ బండ్లలో ఇంకో చిక్కుంది. వేసిన బ్రేకును కొద్దిగా సడలించలేం, వదిలితే పూర్తిగా వదిలేయాల్సిందే. అందుకే కొంచెం బ్రేకు వేసి అలాగే ఉంచి, హెచ్చుతగ్గులన్నీ డైనమిక్ బ్రేకుతో సర్దుకోవడం అక్కడి పద్ధతి. ఆ సమతూకం కుదిరి, వేగం ముల్లు కదలకుండా ఒక్క అంకె మీద నిలబడితే నాకు కలిగే సంతృప్తి, సంగీతం నేర్చుకునేవారికి శ్రుతి కలిసినప్పుడు కలిగేంతది.

ఈ కహోన్ మీదే 1989 మే 12న ఒక గూడ్స్ బండి అదుపు తప్పింది. 69 వ్యాగన్లలో ట్రోనా అనే ఖనిజం. సరుకు కాగితంలో బరువు గడి ఖాళీగా ఉంటే ఒక గుమాస్తా అంచనాతో నింపాడు. ఆ లెక్కన బండి బరువు సుమారు 6,150 టన్నులు, నిజానికి 8,900 టన్నుల దాకా ఉంది. ఆరు ఇంజిన్లలో కొన్నిటి డైనమిక్ బ్రేకులు పనిచేయడం లేదు. ఆ సంగతి ముందు ఇంజిన్ నడిపే వ్యక్తికి పూర్తిగా తెలియదు. ఆయన తన చేతిలోని అంకెలకు తగ్గ వేగంతోనే దిగడం మొదలుపెట్టాడు. వేగం పెరగడం ఆగకపోయేసరికి వెనక ఇంజిన్‌లో ఉన్న సహచరుడు ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. దాంతో పనిచేస్తున్న డైనమిక్ బ్రేకులు కూడా ఆగిపోయాయి, ఆ ఏర్పాటు అప్పట్లో అలా ఉండేది. కొండ కింద, శాన్ బెర్నార్డినోలోని డఫీ స్ట్రీట్ మలుపు దగ్గర గంటకు 110 మైళ్ల వేగంతో బండి పట్టాలు తప్పి ఇళ్ల మీద పడింది. ఇద్దరు సిబ్బంది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. మే 25న అక్కడే భూమిలోని పెట్రోల్ పైపులైను పేలి మరో ఇద్దరు పోయారు.

ఈ కథ తెలిసినప్పటి నుంచి నేను ఏ బండి మొదలుపెట్టినా ముందు దాని బరువు చూస్తాను, పనిచేసే బ్రేకులు చూస్తాను, తర్వాతే కదులుతాను. కానీ సిమ్యులేటర్‌కూ నిజానికీ మధ్య ఉన్న అసలు తేడా కూడా అక్కడే ఉంది. తెర మీద నాకు చూపే బరువు ఎప్పుడూ సరైనదే. కంప్యూటర్ ఆ బండిని తయారు చేసిందే ఆ అంకెతో. నిజమైన క్యాబ్‌లో కూర్చున్న మనిషికి ఆ భరోసా లేదు. వెనకున్న రెండు కిలోమీటర్ల బండి గురించి ఆయనకు తెలిసిందంతా ఎవరో తూచి, ఎవరో చూసి, ఎవరో రాసి ఇచ్చింది.

దించడమే కష్టమన్న మాట మన దగ్గర కొత్తవలస–కిరండూల్ లైను మీద మరింత బరువెక్కుతుంది. 1960లలో జపాన్ సహకారంతో, బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి వేసిన మార్గమది. పొడవు సుమారు 445 కిలోమీటర్లు, 58 సొరంగాలు. శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరి, అనంతగిరి కొండల్లోంచి బొడ్డవర వైపు 60కి 1 వాలులో దిగుతుంది. ఖాళీ గూడ్స్ బండ్లు పైకి, నిండినవి కిందికి. అంటే అక్కడ భారమంతా దిగేవైపే. అద్దాల పెట్టెలో అరకు వెళ్తూ ఎదురుగా వచ్చే ఖనిజం బండిని చూసి మనం ఫొటో తీసుకుంటాం. ఆ బండి అంత నిదానంగా రావడం వెనక ఎంత లెక్క ఉందో, ఎంత గాలిని ఆ లోకో పైలట్ పొదుపుగా దాచుకుంటూ వస్తున్నారో సిమ్యులేటర్ పుణ్యమా అని నాకు ఇప్పుడు అర్థమవుతుంది.

ఘాట్ మీద రైలు ఆలస్యమైందని విసుక్కునేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఆ ఆలస్యం భద్రతలో భాగం. మన రైల్వేలో గూడ్స్ బండి బయల్దేరే ముందు బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ కాగితం మీద సంతకం చేసే సిబ్బంది, ఎండలో వ్యాగన్ వెంట వ్యాగన్ నడుస్తూ బ్రేకులు తడిమి చూసేవారు, తూకపు వంతెన దగ్గర సరైన అంకె రాసేవారు కూడా కొండ దింపే పనిలో భాగస్తులే. లోడింగ్ టన్నుల రికార్డులు ప్రకటించే అధికారులు ఆ పరీక్షలు చేసే మనుషుల సంఖ్యనూ, వాళ్లకిచ్చే సమయాన్నీ అంతే గర్వంగా ప్రకటించగలగాలి. లోకో పైలట్ ఎంత నేర్పరి అయినా తన చేతికిచ్చిన అంకెల మేరకే బండిని కాపాడగలరు. ఆ అంకెలు నిజమై ఉండేలా చూడటం మిగతా అందరి బాధ్యత.