కంచె మీద నల్లేరు, రోట్లో పచ్చడి

ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు వెళ్తుంటే నల్లరేగడి చేలు వెనకబడి నేల ఇసుకగా మారుతుంది. తాటిచెట్లు, సరుగుడు తోటలు మొదలవుతాయి. ఇలాంటి నేలల్లో ముళ్లకంచెలను పట్టుకుని ఆకులు పెద్దగా కనిపించని పచ్చటి తీగ ఒకటి పాకుతుంది. నాలుగు పలకల కాడ, బెత్తెడుకో కణుపు. అదే నల్లేరు. ‘నల్లేరు మీద బండి నడక’ అని తెలుగువాళ్లు తరచూ అంటూనే ఉంటారు. అలా అనేవాళ్లలో ఎంతమంది ఆ తీగను చూసి గుర్తుపడతారు?

ఆ మాట ఉత్తినే పుట్టలేదు. నల్లేరు కాడ నిండా రసమే. బండి చక్రం ఎక్కితే ఇట్టే చితికిపోతుంది తప్ప అడ్డం పడదు. పత్తి బోరేలు, మిరప టిక్కీలు ఎడ్లబండ్ల మీద వెళ్లిన సీమలో ఇంతకంటే సులువుగా అర్థమయ్యే పోలిక ఉండదు.

చూడటానికి జెముడు జాతిలా ఉన్నా నల్లేరు ద్రాక్ష కుటుంబానిది. దీని శాస్త్రనామం సిసస్ క్వాడ్రాంగ్యులారిస్. ఒకప్పుడు దీన్ని ద్రాక్ష ప్రజాతిలోనే చేర్చి వైటిస్ క్వాడ్రాంగ్యులారిస్ అని కూడా పిలిచారు. ద్రాక్షకు మల్లే ఆకుకు ఎదురుగా నులితీగ వస్తుంది. చిన్న కాయలు పండి ఎర్రబడతాయి. ఈ కుటుంబంలో అడవి తీగల విలువ ప్రపంచానికి ఒకసారి గట్టిగానే తెలిసొచ్చింది. 1860లలో ఫ్రాన్స్ ద్రాక్షతోటల వేళ్లను ఫిలోక్సెరా పురుగు తినేస్తుంటే, చివరికి అమెరికా అడవి ద్రాక్ష వేరుమొక్కల మీద అంటుకట్టి తోటలను నిలబెట్టుకున్నారు.

మన నల్లేరు గొప్పతనం ఎండను తట్టుకోవడంలో ఉంది. కాడ రాత్రిపూట గాలి పీల్చి బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుంటుంది. పగలు రంధ్రాలు మూసుకుని ఆ నిల్వతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. అందుకే మే నెల ఎండల్లోనూ కంచె మీద పచ్చగా నిలుస్తుంది.

అయితే దీన్ని వండటం నల్లేరు మీద నడక కాదు. కాడలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పచ్చిగా ముట్టుకుంటే చేతులు, తింటే గొంతు దురద పెడతాయి. అనుభవమున్న చేయి ముందు నూనె రాసుకుంటుంది. తీగ చివర రెండు మూడు కణుపుల వరకే తుంచుతుంది. గోటితో గిల్లితే పుటుక్కున తెగాలి, పీచు సాగితే ముదిరినట్టే. కణుపులు తీసేసి, పలకల అంచుల వెంట ఈనెలు లాగి, చిన్న ముక్కలు కోస్తారు. నూనెలో ఆ ముక్కల పచ్చదనం పోయి గోధుమరంగు తిరిగేదాకా ఓపిగ్గా వేయించాలి. ఇక్కడ తొందరపడితే మొత్తం పచ్చడి గొంతులో గుచ్చుకుంటుంది. వేయించిన ఎండుమిర్చి, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కాస్త ఎక్కువగానే చింతపండు వేసి రోట్లో నూరి, తాలింపు పెడతారు. వేడి అన్నంలో నెయ్యితో కలిపిన ఆ ముద్దకు సన్నని వగరు, దాని వెనకే పులుపు, ఆపైన గుంటూరు కారం. తమిళులు దీన్నే పిరండై అంటారు, తొక్కు చేసుకుంటారు, అప్పడాల పిండిలో రసం కలుపుతారు.

సంస్కృతంలో దీని పేర్లు అస్థిశృంఖల, అస్థిసంహార, వజ్రవల్లి. హిందీలో హడ్‌జోడ్, అంటే ఎముకను అతికించేది. కణుపు కణుపుగా గొలుసులా సాగే కాడ ఎముకల వరసను తలపిస్తుంది కాబట్టి ఈ నమ్మకం రూపం చూసి పుట్టిందనుకోవచ్చు. కానీ 1960లలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. ఉడుప, జి.సి. ప్రసాద్ జంతువులపై ప్రయోగాలు చేసి, నల్లేరు ఇచ్చినప్పుడు విరిగిన ఎముకలు త్వరగా అతుకుతున్నాయని ప్రకటించారు. అలాగని ఎముక విరిగినవాళ్లు పసరుకట్టుతో సరిపెట్టుకోకూడదు. ఎక్స్‌రే తీయించి, ఎముకను సరిగా కూర్చోబెట్టించుకోవడమే ముందు పని.

ముళ్లకంచె పోయి రాతి స్తంభాలు, ఇనుప తీగ వచ్చిన చోట నల్లేరు కూడా కనుమరుగవుతోంది. చేనుగట్టు శుభ్రం చేసేటప్పుడు కలుపుతో పాటే కోసి పారేస్తున్నారు. దీన్ని మళ్లీ తెచ్చుకోవడానికి నర్సరీకి వెళ్లక్కర్లేదు. రెండు కణుపులున్న ముక్కను విరిచి, గాయం ఆరేదాకా నీడలో ఉంచి, ఒక కణుపు ఇసుకలో దిగేలా కంచె మొదట్లో గుచ్చితే చాలు. నీళ్లు మాత్రం ఎక్కువ పోయకూడదు, మొదలు కుళ్లుతుంది.