నయ్యర్ టాంగా ఎక్కిన జానకి

మంగళవారం రాత్రి భోజనాలయ్యాక విజయనగరం నుంచి మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక పాట పంపించాడు. కింద ఒకే ముక్క: ‘మావయ్యా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను.’ పెట్టుకున్నాను. గొంతు ఘంటసాలది. వెనకాల వయొలిన్లూ, ఆ బేస్ గిటారు నడకా ఇళయరాజావి. ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరి 11న. ‘అన్నక్కిళి’తో ఇళయరాజా సినిమాల్లో సంగీత దర్శకుడయింది 1976లో. ఆ మధ్యనున్న రెండేళ్ళ పైచిలుకు గోతిని ఎవరో కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని పూడ్చేశాడన్నమాట.

నిజం దాచడం దేనికి, పల్లవికి ఒళ్ళు జలదరించింది. మొదటి చరణానికి కళ్ళు చెమర్చాయి. రెండో చరణానికి ఎందుకో చిరాకు మొదలైంది. ఆ చిరాకు దేనిమీదో తేల్చుకోడానికి నాకు శనివారం దాకా పట్టింది.

ఈ కాలమ్‌ని మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళకి మా జోడీలాట గురించి చెప్పక్కర్లేదు. కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. సాయంత్రం ఆరు దాటాక నేనూ, మా సాహూజీ ఛత్తీస్‌గఢ్‌లోని మా తిల్దా స్టేషన్ ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద చేరతాం. మేం ఎక్కవలసిన బండీ లేదు, మాకోసం దిగేవాళ్ళూ లేరు. గాల్లో రైస్ మిల్లుల తవుడు వాసన. ఆయన నేవ్రాలో ఒక మిల్లుకి పద్దులు రాసే మునీంగా చేసి రిటైరైనవాడు. నేను రైల్వే గుమాస్తా కొడుకుని. ఒకరు ఒక గొంతు పేరు చెప్పాలి. రెండోవాళ్ళు ఆ గొంతుకి ఎన్నడూ పాట కట్టని సంగీత దర్శకుడి పేరు చెప్పి, ఆ పాట ఎలా ఉండేదో నోటితోనే వాయించి చూపించాలి. భానుమతికి ఆర్.డి. బర్మన్. తీజన్‌బాయి పండవానీ కథాగానానికి ఇళయరాజా తీగవాద్యాలు. గూడ్సు బండి పోతున్నంతసేపూ విరామం. ‘పనీపాటా లేని ముసలాళ్ళ ఆట’ అని ఆమధ్య బిలాస్‌పూర్ నుంచి ఒక అక్కగారు ఉత్తరం రాశారు. పని లేదన్నది ఒప్పుకుంటాను గానీ, పాట లేదనడం అన్యాయం.

ఈ ఆటలో ఎన్నిసార్లు ఆడినా అరగని జోడీ ఒకటుంది. ఓ.పి. నయ్యర్ సంగీతంలో లతా మంగేష్కర్. ఇక్కడ పాత పాటలు వినేవాళ్ళెవరిని కదిపినా చివరికి ఈ మాట దగ్గరికే వస్తారు. 1952లో ‘ఆస్మాన్’తో మొదలైన నయ్యర్ చివరిదాకా లత చేత ఒక్క పాటా పాడించలేదు. ఆ రోజుల్లో లత లేకుండా బొంబాయిలో నెగ్గుకురావడమంటే ఉప్పు వెయ్యకుండా వండి పెళ్ళివారిని మెప్పించడమే. ఆయన మెప్పించాడు. మొదట గీతా దత్, శంషాద్ బేగం, ఆ తర్వాత ఆశా భోస్లే. డోలక్, క్లారినెట్, సారంగి, వాటి కిందనుంచి టాంగా గుర్రం డెక్కల చప్పుడు. 1957లో ‘నయా దౌర్’ వచ్చేసరికి ఆ డెక్కల చప్పుడు దేశమంతా ఆయన సొంత ఆస్తి అయిపోయింది. తన పాటకి నిండు గొంతు కావాలి, లతది సన్నని గొంతు అని ఆయనే చెప్పుకునేవాడు.

ఈ పిచ్చి మా ప్రాంతానికి పట్టించింది రేడియో. 1952లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకి కోత పెట్టాడు. జనం ముళ్ళు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. బిలాస్‌పూర్ వైపు మాకు కొన్ని స్టేషన్ల అవతల ఉన్న భాటాపారా అయితే పాటలు కోరుతూ ఫర్మాయిషీ కార్డులు రాసి రాసి పేరు తెచ్చుకుంది. సాహూజీకి నయ్యర్ మీద ఇంకో హక్కు కూడా ఉంది. వాళ్ళ నాన్న తిల్దా స్టేషన్ నుంచి నేవ్రాకి టాంగా తోలేవాడు.

ఈ జోడీల విషయంలో నా పక్షం మొదట్నుంచీ ఒకటే. మీకు విసుగొచ్చినా నా పాత పాట మళ్ళీ పాడతాను. బాణీ అనేది సంగీత దర్శకుడి బుర్రలో మాత్రమే ఉండదు, ఆయన గదిలో కూర్చుని వాయించేవాళ్ళ చేతుల్లో ఉంటుంది. నయ్యర్ శబ్దంలో అరేంజర్ సెబాస్టియన్ డిసౌజా వాటా ఎంత, సహాయకుడు జి.ఎస్. కోహ్లీ వాటా ఎంత అని ఎవరూ లెక్క కట్టరు. ఆ గదికి అలవాటుపడ్డ గొంతు ఆ గదిలోనే బతుకుతుంది. ఎవరి గదిలో వాళ్ళుంటేనే అందం. జోడీలు కలపడం ఊహకి సరదాయే గానీ, నిజంగా కలిపితే పాలూ నిమ్మరసం కలిపినట్టే. ఇదీ నా వాదం.

దీనికి నేను అమెరికా నుంచి కూడా సాక్ష్యం తెచ్చేవాణ్ణి. మనకి సంగీత దర్శకుడి పేరు మీద బాణీ ఉన్నట్టు, అక్కడ సోల్ పాటలకి రికార్డు కంపెనీ పేరు మీద బాణీ ఉండేది. డెట్రాయిట్‌లో బెరీ గోర్డీ 1959లో మొదలెట్టిన మోటౌన్ కంపెనీ ఒక మామూలు ఇంట్లో నడిచింది. ఫంక్ బ్రదర్స్ అనే ఒకే జట్టు ఆ ఇంట్లో వందల పాటలు వాయించింది. మోటౌన్ ఆల్బమ్ అట్ట మీద వాళ్ళ పేర్లు పడటానికి 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ దాకా ఆగాల్సి వచ్చింది. చూశారా, అక్కడా అదే అన్యాయం. అదే డెట్రాయిట్‌లో పాస్టరుగారి అమ్మాయి అరెతా ఫ్రాంక్లిన్ చర్చిలో పాడుతూ పెరిగింది. సోల్ సంగీతానికి రాణి అయింది. సొంత ఊళ్ళో అంత పెద్ద కంపెనీ ఉండగా దాని గడప తొక్కి పాడలేదు. మోటౌన్ తళుకుబెళుకుల మీద అరెతా ఉరుము ఎలా ఉండేదోనని అక్కడి మాబోటి ముసలాళ్ళు కూడా బెంచీల మీద కూర్చుని ఊహించుకునే ఉంటారు. ‘జరగలేదు కాబట్టే ఎవరి పేరు వాళ్ళకి నిలిచింది’ అని నేను సాహూజీ నోరు మూయించేవాణ్ణి.

ఈ వారం మళ్ళీ అదే కథ తిరగేసుకుంటుంటే నా సాక్షి నాకే అడ్డం తిరిగాడు. అరెతా 1960లో చేరింది కొలంబియా కంపెనీలో. ఆరేళ్ళపాటు మర్యాదస్తుల పాటలు, మెత్తటి ఆర్కెస్ట్రాలు. ఆ గొంతుకి రావలసినంత పేరు రాలేదు. అట్లాంటిక్ కంపెనీకి మారాక అక్కడి ప్రొడ్యూసర్ జెర్రీ వెక్స్‌లర్ 1967 జనవరిలో ఆమెని అలబామాలో మజిల్ షోల్స్ అనే చిన్న ఊరి స్టూడియోకి తీసుకెళ్ళాడు. అక్కడ వాయించేవాళ్ళు తెల్ల కుర్రాళ్ళు. ఆమె పియానో ముందు కూర్చుంది. ఒక పాట పూర్తయింది. రెండోది సగంలో ఉండగా ఆమె భర్తకీ స్టూడియో యజమానికీ మాటామాటా పెరిగి, అందరూ మూటాముల్లె సర్దుకున్నారు. అయితేనేం, ఆ ఒక్క పాటతో ఆమె దశ తిరిగింది. వెక్స్‌లర్ ఆ కుర్రాళ్ళనే న్యూయార్క్ పిలిపించి మిగతావి పూర్తి చేయించాడు. మా బెంచీ మీద ఎవరైనా ‘డెట్రాయిట్ పాస్టరు కూతురికి అలబామా తెల్ల కుర్రాళ్ళు’ అని జోడీ చెప్పి ఉంటే నేను నవ్వి తోసిపుచ్చేవాణ్ణి.

అప్పుడు గుర్తొచ్చింది క్యాసెట్టు.

మా నాన్నది విజయనగరం. రాయపూర్-విజయనగరం లైను 1931లో పూర్తయింది కాబట్టి ఆ పట్టాల వెంటే ఉద్యోగానికి ఇటు వచ్చాడు. తనది ఘంటసాల సంగీతం నేర్చుకున్న ఊరని ఆయనకి గొప్ప. ఆ కుర్రాడు జోలె పట్టుకుని మధూకరం అడుక్కుని తిని చదువుకున్నాడని, అన్నం వదిలేసినప్పుడల్లా మాకు చెప్పేవాడు. 1990 సంక్రాంతికి ఆ ఊరు వెళ్ళి వస్తూ నేను ‘నీరాజనం’ క్యాసెట్టు కొన్నాను. అంతకు ముందు ఏడు, 1989లో వచ్చిన సినిమా. సాహూజీ ఇంటి అరుగు మీద టేప్‌రికార్డర్‌లో పెట్టాను. సంగీతం ఎవరిదో చెప్పలేదు. ఆయనకి తెలుగులో ‘రండి, కూర్చోండి’ తప్ప మూడో మాట రాదు.

పది సెకన్లు పట్టింది. చేతిలో ఉన్న చీలా అట్టు ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. “అరే రావ్‌జీ, ఈయన మా నయ్యర్ సాబ్ కదా! మీ భాషలో ఏం చేస్తున్నాడు?”

అప్పటికి బొంబాయి నయ్యర్‌ని మరిచిపోయి చాలా ఏళ్ళయింది. 1972లో ఆశతో తెగిపోయాక ఆయన దారి పల్లమే. అలాంటి మనిషిని పిలిచి పాటలు కట్టించుకున్నది తెలుగువాళ్ళు. పాడింది ఎస్పీ బాలు, ఎస్. జానకి. “ఈ ఆశ ఎవరు?” అన్నాడు సాహూజీ. “ఆశ కాదు, జానకి” అన్నాను. క్యాసెట్టు తిప్పి మళ్ళీ పెట్టాడు. మూడోసారికి లోపలినుంచి వాళ్ళ నాన్నని పిలిచాడు. టాంగా అమ్మేసి అప్పటికే ఆరేడేళ్ళయిన ముసలాయన వచ్చి గడప మీద కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. పాట అయ్యాక ఒక్క మాట అన్నాడు. “గుర్రం అదే బాబూ. సవారీ మారింది. అందుకని నడక మారింది.”

ఆ మాట నాకు ఎక్కడానికి ఏళ్ళు పట్టింది. హిందీ మాట చాలాసార్లు హల్లు మీద ఆగుతుంది. దిల్, యార్, నజర్, ఖబర్. నయ్యర్ డోలక్ దెబ్బ సరిగ్గా ఆ ఆగినచోట పడుతుంది, తలుపుకి గడియ పడ్డట్టు. తెలుగు మాటకి చాలావరకు ఆ గడియ లేదు. మనసు, చూపు, చెలిమి, అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. దెబ్బ పడిపోయాక కూడా మాట ఇంకా కొంగులా వెనకాల వస్తూనే ఉంటుంది. కాబట్టి తాళం కాస్త ఆగి చూడాలి, గొంతు కాస్త అడుగు వెయ్యాలి. బాలూ జానకీ ఆ చివరి అచ్చుని మెత్తగా తాకి వదిలేశారని నా చెవికి తోస్తుంది. నయ్యర్ కూడా బొంబాయి నాటి తొందర తగ్గించుకున్నాడు. చెరో మెట్టు దిగారు. ఆ దిగిన చోట దొరికిన పాట పూర్తిగా బొంబాయిదీ కాదు, పూర్తిగా మద్రాసుదీ కాదు.

మంగళవారం పాటలో నాకు తగలనిది ఇదే. అందులో ఘంటసాల ఇళయరాజా కోసం ఒక్క మెట్టూ దిగలేదు. దిగడానికి ఆయన లేరు. నిజంగా పాడి ఉంటే, ఆ బేస్ గిటారు నడక విని ఒకచోట తన గమకాన్ని తగ్గించుకునేవారేమో. ఇక్కడ ఊపిరి తీసుకునే చోటేదీ అని అడిగేవారేమో. అడిగితే ఇళయరాజా అక్కడ రాసిన వయొలిన్ ముక్క కొట్టేసేవాడేమో. యంత్రం కట్టిన పాటలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

శనివారం సాయంత్రం బెంచీ మీద సాహూజీకి వినిపించాను. శ్రద్ధగా చివరిదాకా విన్నాడు. “బాగుంది” అన్నాడు. కాసేపాగి, “గుర్రం ఎక్కడా తడబడలేదు” అన్నాడు. నేవ్రా దారిలో రైలు గేటు దగ్గర పట్టాలు దాటేటప్పుడు ఎంత మంచి గుర్రమైనా ఒక అడుగు తప్పుతుందని చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషి అన్న మాట అది. మెచ్చుకోలు అనుకోకండి.

పోయినవాళ్ళ గొంతుల బేరం ఇప్పటికే మొదలైంది. 2024లో ఎ.ఆర్. రెహమాన్ ‘లాల్ సలామ్’ కోసం బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులని యంత్రంతో తిరిగి పాడించాడు. వాళ్ళ కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బు కూడా ఇచ్చానని చెప్పాడు. అదే ఏడు, తన తండ్రి గొంతుని అడక్కుండా వాడారని బాలుగారబ్బాయి చరణ్ ఒక తెలుగు సినిమావాళ్ళకి నోటీసు పంపించాడు. అనుమతీ, డబ్బూ ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ అవి ఇంటివాళ్ళకి చెందే న్యాయం. పాటకి చెందే న్యాయం వేరే ఉంది.

కాబట్టి, ఇన్నేళ్ళూ మీ చెవుల్లో ఊదిన నా వాదం వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరి గదిలో వాళ్ళుండాలన్నది తప్పు. గదులు మారాలి. అలబామాకి అరెతా వెళ్ళినట్టు, మన పాటలోకి నయ్యర్ వచ్చినట్టు మనుషులు నడిచి వెళ్ళి మారాలి. 1952 నుంచి 2007 జనవరిలో నయ్యర్ పోయేదాకా లతా ఆయనా ఒకే దేశంలో బతికే ఉన్నారు. యాభై అయిదేళ్ళు. లత రాకపోబట్టే ఆశ వెలిగింది, నిజమే. అయినా అన్నేళ్ళలో ఒక్క పాటకి చోటు లేకపోయిందా? ఇప్పుడు ఆ పాట కూడా రేపో మాపో వాట్సాప్‌లో వస్తుంది. అది విని మళ్ళీ నాకు కళ్ళు చెమరుస్తాయి, మళ్ళీ చిరాకేస్తుంది.

అందుకని మా ఆటలో ఈ వారం నుంచి కొత్త నియమం. సాహూజీ కూడా ఒప్పుకున్నాడు. మీరూ జోడీలు రాసి పంపండి, మీకు నచ్చిన గొంతు, దానికి ఇంతవరకూ పాట కట్టని మనిషి. షరతు ఒక్కటే, ఇద్దరూ బతికి ఉండాలి. మాకు రాసి ఊరుకోకండి, వాళ్ళిద్దరికీ చెరో కార్డు కూడా రాయండి. భాటాపారావాళ్ళు చేసింది అదే. పోస్టుకార్డు ఇప్పటికీ చవకే.