ఏం కూర వండమంటవ్?

దసరా అయిన మర్నాడు ఆడబిడ్డలు అత్తగారిళ్లకు తిరిగిపోతారు. ఆ ఏడు మా చిన్నమ్మ బిడ్డ పోలేదు. సంచి సర్దుకుంది, చెప్పులేసుకుంది, గడప దగ్గర నిలబడింది. మహబూబాబాద్ పోయే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ జనగామ దాటిపోయింది. ఆమె ఇంకా అక్కడే ఉంది. చిన్నమ్మ ఏమీ అడగకుండా సంచి తీసుకెళ్లి లోపల పెట్టింది.

ఇది రాస్తానంటే చెల్లె ఒప్పుకుంది. అత్తగారి ఊరి పేరు మాత్రం వద్దంది.

చిన్నమ్మ అడగనిది మిగతా అందరం అడిగాం. "ఇన్నేండ్లు ఎందుకోర్సుకున్నవే?" ప్రేమతో అడిగినా అందులో తప్పు ఆమెదే అన్న మాట దాగి ఉంటుంది. పెద్దమనుషులు వచ్చి "సర్దుకపో బిడ్డా" అన్నారు. నాలుగు పుస్తకాలు చదివిన నేను "కేసు పెట్టు" అన్నాను. వాళ్లు పాతకాలపోళ్లు, నేను కాదనుకున్నా. నిజానికి వాళ్లూ నేనూ చేసింది ఒకటే, ఆమె ఏం చేయాలో మేమే చెప్పాం. అత్తగారింట్లో ఆమె మొగుడు చేసిందీ అదే కదా!

చట్టం గురించి నేను చెప్పింది అబద్ధం కాదు. 2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడమే హింస అనదది. తిట్టి కించపరచడం, జీతం డబ్బులు గుంజుకోవడం కూడా హింసే అంటుంది. మొగుణ్ని జైలుకు పంపకుండానే రక్షణ, ఉండటానికి చోటు, ఖర్చులు మెజిస్ట్రేటును అడగొచ్చు. ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చెల్లె తలూపింది. తర్వాత తెలిసింది, ఎవరేం చెప్పినా అట్లా తలూపడం ఆమెకు అక్కడ అలవాటైందని.

కొన్నాళ్లకు తనే "ఓసారి సఖి కేంద్రానికి పోదామా అక్కా" అంది. అక్కడ కౌన్సెలింగు, వైద్యం, పోలీసు సాయం, వకీలు, అయిదు రోజుల దాకా తలదాచుకునే చోటు, అన్నీ ఒకే గొడుగు కింద. ఇద్దరం పోయాం. అక్కడి మేడమ్ నన్ను చూసి, "మీరు బయట కూసోండమ్మా, ఆమెతోని మాట్లాడుత" అన్నారు. కొంచెం కోపమొచ్చింది, దాచను. బల్ల మీద గంట సేపు కూర్చున్నా. బయటికొచ్చాక లోపల ఏం మాట్లాడారో చెల్లె చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగకుండా ఊరుకోవడం అదే మొదలు నాకు.

అది ఒక్కరోజులో వచ్చే పని కాదు. వంటింట్లో స్టీలు పళ్లెం జారితే చెల్లె గోడకు అతుక్కుపోయేది. ఫోన్ మోగితే ముఖం తెల్లబోయేది. ఇంకా కష్టమైన సంగతి, ఒక్కోసారి ఆయన్ను తలుచుకునేది. మిరప ఏరే రోజుల్లో చేనుకు మజ్జిగ తెచ్చిచ్చాడని. నా నోటిదాకా వచ్చిన మాట మింగేదాన్ని. ఒకసారి తిరిగి పోతానంది కూడా. చిన్నమ్మ కాళ్లావేళ్లా పడుతుందనుకున్నా. "పోతే పో బిడ్డా. ఏ రాత్రి వచ్చినా తలుపు తీస్త" అని మాత్రం అంది. పోతే మళ్లీ గడప తొక్కొద్దని బెదిరించిన ఇళ్లున్నాయి. అక్కడి ఆడపిల్లలకు రెండోసారి పారిపోవడానికి చోటే ఉండదు. చెల్లె పోలేదు.

చిన్నమ్మకు ఎవరూ నేర్పని విద్య ఇంకోటుంది. మొదట్లో "ఏం కూర వండమంటవ్?" అంటే చెల్లె "మీ ఇష్టం" అనేది. అప్పుడు చిన్నమ్మ రెండు కూరగాయలు తెచ్చి ముందు పెట్టేది. "బీరకాయనా, టమాటనా?" జవాబు రాకపోతే కసరకుండా ఏదో ఒకటి వండేది. మర్నాడు మళ్లీ రెండు. టమాట వైపు వేలు చూపడానికి చెల్లెకు పదిహేను రోజులు పట్టింది.

ఇప్పుడు తను భూపాలపల్లిలో, బొగ్గుబావిలో పనిచేసే మేనమామ ఇంటి దగ్గర, కుట్టుమిషన్ పెట్టుకుంది. మొన్న హన్మకొండలో బస్సెక్కి పరకాల మీదుగా వెళ్లాను. కేసు సంగతి ఏమైందో కనుక్కోవాలని దారంతా అనుకున్నా. చేతిలో బీరకాయల సంచి ఉంది. లోపల అడుగుపెట్టగానే సంచిలోకి తొంగిచూసింది.

"బీరకాయలు తెచ్చినవా? నాకు నచ్చవని నీకెప్పుడు సమజైతదక్కా? పచ్చిపులుసు చేస్తున్న, కూసో."