సాక్షి చెప్పింది చెప్పినట్టు

ఐరాల మండలంలోని కాణిపాకం స్థలపురాణం తెలియని తెలుగువారు అరుదు. చూపు లేనివాడొకడు, వినికిడి లేనివాడొకడు, మాట లేనివాడొకడు, ముగ్గురు అన్నదమ్ములు. ఎండిన బావిని లోతు చేస్తుంటే రాతికి దెబ్బ తగిలి నెత్తురు పొంగింది, వినాయకుడు వెలిశాడు, ముగ్గురి లోపమూ పోయింది. ఆ స్వామి ఎదుట ప్రమాణం చేయించి అప్పుల తగాదాలు తేల్చుకునే ఆచారమూ ఉంది. మాట రానివాడు సాక్ష్యం ఎలా చెప్పాలి? పురాణంలో దేవుడు మాట ప్రసాదించాడు. చట్టం వేరే దారి చూపింది. 2013లో సవరించిన సాక్ష్యాధారాల చట్టం 119వ సెక్షన్ ప్రకారం, 2024లో దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం కూడా, కోర్టులో సైగలతో చెప్పింది నోటి సాక్ష్యంతో సమానం. నోటితో చెప్పలేని సాక్షికి ఇంటర్‌ప్రెటర్ సాయం ఇవ్వాలి, వాంగ్మూలాన్ని వీడియో తీయాలి. అంటే న్యాయం ఆ మధ్య మనిషి నైపుణ్యం మీద ఆధారపడింది. అందుకే ఈ పనిని సేవాభావానికి వదిలేయకుండా, బధిరుల దగ్గరే ఏళ్లపాటు నేర్చుకోవలసిన విద్యగా చూడాలని నా వాదన.

భారతీయ సంజ్ఞా భాష తెలుగుకు చేతులతో చేసే నకలు కాదు. దాని వ్యాకరణం దానిదే. ప్రశ్న పదం వాక్యం చివర వస్తుంది, ‘బస్సు ఎప్పుడు వస్తుంది’ అనేది ‘బస్సు వచ్చు ఎప్పుడు’ అవుతుంది. అవునా కాదా అని అడిగేటప్పుడు చేతులతో పాటు కనుబొమలూ పైకి లేవాలి, తల కాస్త ముందుకు రావాలి. ముఖం కదలకపోతే ప్రశ్న కాస్తా మామూలు వాక్యమైపోతుంది. అన్నిటికంటే కష్టమైనది గాలిలో చోటు వాడటం. అప్పు తగాదా చెబుతున్న సాక్షి రామయ్యను ఎడమ పక్క, సుబ్బయ్యను కుడి పక్క ఉంచాడనుకోండి. ‘ఇచ్చు’ అనే సైగ ఎడమ నుంచి కుడికి కదిలితే అప్పిచ్చింది రామయ్య. దిశ ఒక్కటి తప్పుగా చదివితే బాకీదారుడే మారిపోతాడు. పైగా ఇంటర్‌ప్రెటర్ ఎదురుగా ఉంటాడు గనుక సాక్షి ఎడమ అతనికి కుడి. ఆ తిరగేత క్షణంలో జరగాలి, ఈలోపు తర్వాతి వాక్యం వచ్చేస్తూ ఉంటుంది. ఒకపక్క సైగలు చూస్తూ, ఒక అడుగు వెనకగా చెబుతూ పోవడం మెదడును త్వరగా అలసిపోయేలా చేస్తుంది. అందుకే పెద్ద సభల్లో ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు వంతులేసుకుంటారు. ఇంటర్ తర్వాత చేరే రెండేళ్ల డిప్లొమా ఉండటానికి కారణం ఇదే. ముంబయిలోని అలీ యావర్ జంగ్ సంస్థ, 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం వంటివి దాన్ని నేర్పుతున్నాయి. ఢిల్లీ కేంద్రం నిఘంటువు 2018లో మూడు వేల పదాలతో మొదలై 2021కి పది వేలకు చేరింది. నిఘంటువు కంఠస్థం చేస్తే పదాలు వస్తాయి. కనుబొమల సంగతి మాత్రం బధిర గురువు ఎదుట కూర్చుని తప్పులు దిద్దించుకుంటేనే వస్తుంది.

ఇంట్లో అమ్మో చెల్లెలో ఉండగా బయటివారెందుకని అడుగుతారు. ఇంటి సైగలు అన్నం, నీళ్లు, సంతకు సరిపోతాయి. డాక్టరు గర్భం గురించి అడిగినప్పుడు అత్తగారే మధ్యలో ఉంటే కోడలు ఏం చెబుతుంది? ఆస్తి తగాదాలో అన్నే తమ్ముడి మాట చెబితే ఎవరు నమ్మాలి? శిక్షణ పొందినవారు ఎదుటివారి మాటను వారి నోటితోనే అన్నట్టు ‘నేను’ అనే చెబుతారు, కలపరు, తగ్గించరు, విన్నది బయట పెట్టరు. ఈ నియమం చేతి సైగలంత ముఖ్యమైన విద్య. ఇక చిన్నప్పుడే వినికిడి యంత్రం పెట్టి మాట నేర్పితే చాలదా అన్నది గట్టి ప్రశ్నే. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం (తితిదే) నడిపే శ్రవణం కేంద్రం పసిపిల్లలకు ఆ పనే చేస్తోంది, చేయాలి కూడా. కానీ ఆ వయసు దాటిపోయిన పెద్దలున్నారు, యంత్రంతో ఫలితం దక్కనివారున్నారు. తితిదే బధిర పాఠశాల కూడా అదే ఊళ్లో ఉంది. ఒకటి ఉందని రెండోది అనవసరం కాలేదు.

చదివితే ఉద్యోగమెక్కడ అన్న అభ్యంతరానికి మాత్రం నా దగ్గర తేలికైన జవాబు లేదు. 2011 జనగణన దేశంలో యాభై లక్షల మందికి పైగా వినికిడి లోపం ఉన్నవారిని లెక్కించింది, అవసరానికి కొదవ లేదు. జిల్లా కోర్టు, పెద్దాసుపత్రి, కలెక్టరేట్ పిలిచిన ప్రతిసారీ నిర్ణీత రుసుము చెల్లిస్తేనే ఐరాల పిల్లలు ఈ చదువుకు ధైర్యం చేస్తారు. ఆ చెల్లింపు లెక్కలోకి ఇంకొకరినీ చేర్చాలి. బడికే వెళ్లని పల్లె బధిరుడికి ఢిల్లీ నిఘంటువు సైగలు అర్థం కావు. అప్పుడు అతని ఇంటి సైగలను పట్టుకోగల మరో బధిరుడు పక్కన కూర్చోవాలి. జడ్జి ప్రశ్న తెలుగులో ఇంటర్‌ప్రెటర్‌కు, అక్కడి నుంచి సంజ్ఞా భాషలో ఆ బధిరుడికి, అతని నుంచి సాక్షికి వెళ్లి, జవాబు అదే దారిన తిరిగి రావాలి. ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కోర్టు భరించాలి, ఆ ఇద్దరికీ కూలి ఇవ్వాలి.